మేడమ్‌ని అడిగి చెప్పండి

నెల రోజులు చూసి, కుదురుతుందో లేదో చెప్పమంది కూతురు. కుదరకపోతే మానేద్దాం, నీ ఇష్టం నాన్నా అని కూడా అంది. ఆ చివరి మాట మాటవరసకే అని అతనికి తెలుసు. కూతురు ఒక పని తలపెట్టిందంటే అచ్చం వాళ్ళమ్మే. ఎదుటివాడి చేత సరే అనిపించేదాకా నిద్రపోదు, పోనివ్వదు.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. పెద్ద కంపెనీలవాళ్ళు ముట్టుకోవడానికి జంకే ముసలి లిఫ్టులన్నీ అతని పాలబడ్డాయి. ఇనప జాలీ తలుపులవి, బటన్ నొక్కితే ఆలోచించుకుని కదిలేవి, వానాకాలం వస్తే మొరాయించేవి. ప్రతి లిఫ్టుకీ అట్టడుగు అంతస్తు కింద మనిషి లోతు గొయ్యి ఒకటి ఉంటుంది. దాన్ని పిట్ అంటారు. అతని రోజులో సగం అందులోనే గడుస్తుంది. లిఫ్టు దగ్గరికి వచ్చినవాళ్ళందరూ పైకి పోతుంటే ఇతనొక్కడే కిందికి పోతాడు కాబట్టి భవనాలవాళ్ళు అతనికి పాతాళం అని పేరు పెట్టారు. పాతాళం గారు వచ్చారా, పాతాళాన్ని పిలవండి అంటుంటారు. అతనికి కోపం లేదు. తిట్టుకునే పేర్ల కంటే అది నయమే కదా అంటాడు.

ఇక మిగతా పనంతా భార్యదే. ఎవరి లిఫ్టు ఎక్కడ ఆగిపోయింది, ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏ భవనం సెక్రటరీని బుజ్జగించాలి, ఎవరికి నాలుగు తగిలించాలి, అన్నీ ఆవిడ ఇంట్లో కుర్చీలో కూర్చుని ఫోన్లో నడిపించేది. రాయడం బద్ధకం. అందుకని ఒక్కో భవనం సంగతీ ఫోన్లో మాట్లాడి రికార్డు చేసి పెట్టుకునేది. "ఆ మూలబిల్డింగు వాచ్‌మన్‌కి చెవుడు, గట్టిగా అరవాలి. మెట్ల కింద కుక్కుంది, మనిషిని చూసి కరవదు, సంచీని చూసి కరుస్తుంది." ఇలాంటివి నాలుగు వందలు పైచిలుకు.

ఏడు నెలల కిందట ఒక మంగళవారం పొద్దున, ఆ కుర్చీలోనే పక్కకి ఒరిగి ఆవిడ పోయింది.

అప్పటి నుంచి పనీ అతనే, ఫోనూ అతనే. గోతిలో ఉన్నవాడికి ఫోన్ అందదు. ఒకసారి తల్లీబిడ్డా లిఫ్టులో ఇరుక్కుని గంటన్నర ఉండిపోయారు. అతని ఫోన్ మోగీ మోగీ ఊరుకుంది. ఆ సంగతి తెలిసి కూతురు ఒంటికాలి మీద లేచింది. వర్చువల్ అసిస్టెంట్ అని ఉంటారట, ఎక్కడో కూర్చుని ఇక్కడి ఫోన్లూ మెయిళ్ళూ చూసుకుంటారట, పెట్టేసుకుందాం అంది. అతను ముందు అదేదో మిషననుకున్నాడు. మిషన్ కాదు, మనిషే, ఆడపిల్ల, దూరంగా ఉండి పని చేస్తుందంతే అని విడమరిచి చెప్పింది కూతురు.

"కనపడకుండా పనిచేసేవి మనుషులు కాదమ్మా, దెయ్యాలు" అన్నాడతను. కూతురు నవ్వలేదు.

అమ్మ నంబరుకి వచ్చే ఫోన్లన్నీ ఆ అమ్మాయికి మళ్ళించింది. అమ్మ రికార్డులన్నీ ఒక్క మూటగా పంపించేసింది. పని అప్పగిస్తూ ఒక కాగితం రాసింది. అందులో "ఇదివరకు ఇదంతా మా అమ్మ చూసుకునేది" అని రాసి, తరవాతి వాక్యం దగ్గర ఆగి, ఇంకేదో రాయబోయి, ఫుల్‌స్టాప్ పెట్టేసి పంపించింది. పక్కన కూర్చుని అతను చూశాడు. ఆ రాయని వాక్యమే తరవాత అంత పనీ చేసింది.

ఇక్కడ అతని అలవాటు ఒకటి చెప్పాలి. పిట్‌లోకి దిగే ముందు, సెల్‌ఫోన్లు లేని రోజుల్లో భవనంలోని ఫోన్ నుంచీ తరవాత తన ఫోన్ నుంచీ, భార్య నంబరుకి చేసి, రెండు రింగులిచ్చి కట్ చేసేవాడు. దిగుతున్నానని దానర్థం. ఆవిడ ఎత్తేది కాదు, గోడ గడియారం చూసుకునేది. పని అయ్యాక పైకొచ్చి మళ్ళీ చేసేవాడు. అప్పుడు ఎత్తేది. "వచ్చాను" అనేవాడు. "ఊఁ, సరే" అని పెట్టేసేది. నలభై నిమిషాల్లో ఆ రెండో ఫోన్ రాకపోతే ఆవిడ ఆ భవనం వాచ్‌మన్‌కి చేసి, వెళ్ళి గోతిలోకి తొంగిచూడమనాలి. ఆ పనిలో చెయ్యి జారినా కాలు జారినా పైనున్నవాడికి తెలీదు మరి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో వాచ్‌మన్‌ని పిలవాల్సి వచ్చింది నాలుగైదు సార్లే. అది కూడా ఇతను మాటల్లో పడి మరిచిపోయినందుకే.

ఆవిడ పోయాక కూడా అతను ఆ రెండు రింగులూ మానలేదు. కూతురికి తెలీదు, ఎవరికీ తెలీదు. రోజుకి రెండు చోట్లో మూడు చోట్లో గోతి అంచున నిలబడి ఆ నంబరు నొక్కేవాడు. ఇంట్లో సొరుగులో ఆవిడ ఫోన్ ఛార్జింగుతో సహా సిద్ధంగా ఉండేది. రెండు సార్లు మోగేది. కట్ చేసేవాడు. ఎటూ ఎత్తని ఫోనే కదా. ఆవిడ ఉన్నప్పుడు ఎలా మోగిందో ఇప్పుడూ అలాగే మోగేది, రవ్వంత తేడా లేదు. హాయిగా దిగేవాడు. పైకొచ్చాక మాత్రం చేసేవాడు కాదు. ఆ మంగళవారం పైకొచ్చి చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ చేశాడు. తొమ్మిదోసారికి పక్కింటావిడ ఎత్తింది.

సరే, కొత్త అమ్మాయి పనిలో చేరిన మొదటి రోజు. అతను ఒక పాత ఆఫీసు భవనంలో సామాన్ల సంచీ దించి, అలవాటు చొప్పున ఆ నంబరు నొక్కాడు. మొదటి రింగు పూర్తి కాకముందే అవతల ఎవరో ఎత్తారు.

"చెప్పండి" అంది ఆడగొంతు.

ఫోన్ జారి గోతిలో పడేదే, రెండు చేతులతో పొట్టకి అదుముకున్నాడు. కట్ చేశాక గుర్తొచ్చింది, మళ్ళించిన సంగతి. వెంటనే ఆ అమ్మాయే తిరిగి చేసింది. సార్, కట్ అయిందండీ అంది. చేతి పొరపాటున నొక్కుకుపోయిందమ్మా అన్నాడు. ఆ పూట అతను పిట్‌లోకి దిగలేదు. వంట్లో బాలేదని చెప్పి ఇంటికి వచ్చి, సొరుగు తీసి, ఆవిడ ఫోన్ చేతిలో పెట్టుకుని, తన ఫోన్‌తో ఆ నంబరుకి కొట్టి చూశాడు. చేతిలోది మోగలేదు. అవతల అమ్మాయి మళ్ళీ ఎత్తింది. మూగనోము పట్టి పెట్టేశాడు.

మర్నాడు ఆ అమ్మాయికి గట్టిగా చెప్పాడు. నా నంబరు నుంచి రెండు రింగులొస్తే ఎత్తొద్దు, ఎందుకని అడగొద్దు. ఆ అమ్మాయి అడగలేదు. రెండు రింగులు మళ్ళీ మొదలయ్యాయి. కానీ ఇదివరకటిలా లేదు. అవతల ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నారన్న అనుమానం ఉండనే ఉంది. కూతురికి ఫోన్ చేసి, నాకిది కుదరదేమో అని నసిగాడు. పని సరిగ్గా చెయ్యట్లేదా అని అడిగింది. చేస్తోంది. మాట దురుసా? కాదు. మరేంటి?

నిజంగానే వంక పెట్టడానికి లేదు. భవనాలవాళ్ళ ఫోన్లు పోవడం ఆగింది. పొద్దున్నే ఎక్కడెక్కడికి వెళ్ళాలో వరస వేసి పంపేది. ఆ సంచీ పట్టుకెళ్ళకండి సార్, కుక్కుంది అనేది. ఆ వాచ్‌మన్ పొద్దున పూట పలకడు, టీ తాగాక మాట్లాడండి అనేది. మాటలు భార్యవి, గొంతు ఇంకెవరిదో. నీకెలా తెలుసమ్మా అంటే, మేడమ్ రికార్డుల్లో ఉంది కదండీ అనేది. పొద్దున లేచి రెండు గంటలు అవే వింటుందట. అతను ఇంతవరకూ వాటిలో ఒక్కటి కూడా వినలేదు. వినే ధైర్యం లేదు. భార్య గొంతు ఈమధ్య అందరికంటే ఎక్కువగా విన్నది, ఆవిణ్ణి ఎన్నడూ చూడని ఆ పిల్లే.

రెండో వారంలో అసలు సంగతి జరిగింది. ఒక భవనంవాళ్ళు, లిఫ్టు తలుపుల కింద రోలర్లు ఊరికే మారుస్తానని మీ మేడమ్ మాటిచ్చారు అని పట్టుబట్టారు. ఆ అమ్మాయి ఇతనికి ఫోన్ చేసింది.

"నిజంగా అన్నారో లేదో నాకు తెలీదు సార్. సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఒక్కసారి మేడమ్‌ని అడిగి చెప్పండి" అంది.

ఆ పిల్లకి తెలీదు. ఎవరూ చెప్పలేదు. మేడమ్ ఇంట్లో ఉన్నారని, పని చేసీ చేసీ విసుగొచ్చి మానేసి హాయిగా కాళ్ళు చాపుక్కూర్చున్నారని అనుకుంటోంది. చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

"అడుగుతాను" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చేతులు కడుక్కుని, ఆ కుర్చీకి ఎదురుగా నిలబడి, తనకే సిగ్గేస్తుండగా పైకి అడిగాడు. రోలర్లు ఊరికే ఇస్తానన్నావా? జవాబు తన్నుకుంటూ వచ్చింది. వాళ్ళ మొహం, ఊరికే ఇవ్వడానికి అవేమన్నా మీ తాతగారి రోలర్లా. మర్నాడు అదే మాట ఆ అమ్మాయికి అప్పజెప్పాడు. ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. అచ్చం మేడమ్ అనే మాటే సార్ అంది. ఏడు నెలల తరవాత అతను కూడా నవ్వాడు.

అక్కడ పడింది మెలిక. లోకంలో అందరి దగ్గరా ఆవిడ పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళ దగ్గర, కూతురి దగ్గర, పక్కింటావిడ దగ్గర. ఈ ఒక్క అమ్మాయి దగ్గర మాత్రం ఆవిడ ఉంది. రోజూ సాయంత్రం అడిగి చెప్పాల్సిన సంగతులు ఏవో ఒకటి ఉండేవి. అతను పని తొందరగా ముగించుకుని ఇంటికి పరుగెత్తేవాడు. ఒకరోజు ఆ అమ్మాయి, రికార్డులో మేడమ్ కూర్చునేటప్పుడల్లా అబ్బా నా మోకాళ్ళు అంటుంటారు, ఇప్పుడెలా ఉంది సార్ అని అడిగింది.

"ఇప్పుడు నొప్పేం లేదు" అన్నాడు.

పోనీలెండి పాపం అంది ఆ అమ్మాయి. తప్పు చేస్తున్నానని అతనికి తెలుసు. ఆ తప్పు ఎంత తియ్యగా ఉందో కూడా తెలుసు. మరో రోజు అడగాల్సినవేమీ రాకపోతే తానే ఫోన్ చేసి, ఇవాళ మేడమ్‌ని అడగాల్సినవేం లేవా అన్నాడు. లేవు సార్ అందా అమ్మాయి. మొహం వేలాడేసుకుని ఇంటికి వెళ్ళాడు.

ఆదివారాలు కూతురు వచ్చేది. ఎక్కడి నుంచో తెచ్చిన ప్రశ్నల కాగితం ఒకటి ఫ్రిజ్ మీద అంటించింది, అసిస్టెంటు మీకు సరిపడుతుందో లేదో తేల్చుకోవడానికి. చెప్పిన పనే మళ్ళీ మళ్ళీ చెప్పాల్సొస్తోందా? పని వదిలేసి నిశ్చింతగా ఉండగలుగుతున్నారా? ఒక్కోటీ చదివి తండ్రి చేత టిక్కు పెట్టించేది. మూడో ఆదివారం అన్నిటికీ చకచకా పెట్టేశాడు. మీ గురించి ఆమెకి తెలియాల్సినవన్నీ చెప్పారా అన్నదానికి కూడా పెట్టాడు. నువ్వే కుదరదేమో అన్నావు కదా నాన్నా అని కూతురు ఆశ్చర్యపోయింది. భలే అమ్మాయమ్మా, దొరకదు అన్నాడు. కూతురి మొహం విప్పారింది. పాపం, ఆ పిల్ల పనితనం చూసి అన్నాడనుకుంది.

మూడో వారం చివర ఒకరోజు, అతను కుర్చీ ముందు నిలబడి ఇంకా నోరు తెరవకముందే జవాబు వచ్చింది. ఏ భవనం గురించి అడగబోతున్నాడో దాని గురించే. మనసులోనే వచ్చిందో, గదిలో వచ్చిందో అతను చెప్పలేడు. వచ్చింది. భయపడ్డాడు. సొంత ఇంట్లో, ఇంకా వెలుతురుండగానే, ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన మనిషికి భయపడి, చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. పాల ప్యాకెట్ కోసం వచ్చినట్టు కొట్టు ముందు కాసేపు తచ్చాడి, ఏమీ కొనకుండా, వీధి లైట్లు వెలగకముందే తిరిగి లోపలికి వెళ్ళాడు. భయమేసినా వెళ్ళాడు. అదే అసలు భయపడాల్సిన సంగతి.

ఇరవై ఆరో రోజున ఆ అమ్మాయి రెండు విషయాలు మాట్లాడాలంది. మొదటిది, ఆవిడ ఒకప్పుడు రెండు రోజులు ఊరెళ్తూ కూతురికి పని అప్పగించినప్పటి రికార్డు ఒకటి దొరికిందట. రెండు రింగులంటే ఏంటో, నలభై నిమిషాలంటే ఏంటో అందులో ఉందట.

"పైకొచ్చాక ఫోన్ చెయ్యాలట కదా సార్. నాకు ఒక్కసారి కూడా చెయ్యలేదు. మేడమ్‌కి వేరే నంబరుకి చేస్తున్నారా?"

"ఆఁ" అన్నాడు. "ఆవిడకే చేస్తున్నాను."

ఇకనుంచి నాకూ చెయ్యండి, లేకపోతే నలభై నిమిషాలకి నేను వాచ్‌మన్‌కి చెయ్యాల్సి వస్తుంది, మేడమ్ అలాగే చెప్పారు అంది. సరే సరే అన్నాడు. ఇక రెండోది. నెల అయిపోతోంది. ఉంచుకుంటారో లేదో తెలీదు. ఇంతకుముందు రెండు చోట్ల చేసింది, రెండు చోట్లా చెప్పాపెట్టకుండా తీసేశారు. ఇక్కడ మాత్రం మేడమ్ పక్కన కూర్చుని నేర్పిస్తున్నట్టే ఉందట. అందుకని, తన పని ఎలా ఉందో మేడమ్ నోటితోనే వినాలని ఉందట.

"ఒక్క రెండు నిమిషాలు సార్. ఎప్పుడు చెయ్యమంటారో మేడమ్‌ని అడిగి చెప్పండి."

నాలుగు రోజులు అతను ఆ మాటని నాన్చాడు. నిద్దరపోతున్నారన్నాడు, ఊరెళ్ళారన్నాడు, గొంతు బాలేదన్నాడు. మొదట్లో తీపిగా ఉన్న అబద్ధాలు ఇప్పుడు నాలిక మీద వగరు పుట్టించాయి. దారులు రెండే ఉన్నాయి. ఒకటి, ఆ పిల్లకి నిజం చెప్పడం. చెప్తే ఆవిడ ఉన్న ఒక్క చోటా లేకుండా పోతుంది, ఈసారి తన నోటితో తానే చంపినట్టు. రెండోది, కుదరలేదని ఆ పిల్లని పంపించెయ్యడం. అప్పుడు ఎక్కడో ఒక ఊళ్ళో, ఒక అమ్మాయి లెక్కలో, ఆవిడ కలకాలం ఇంట్లోనే ఉంటుంది. పిల్ల ఉద్యోగం పోతుంది. ఏ పాపం ఎరగని పిల్ల, అన్నం పెట్టే పని. అది తలచుకుంటే అతనికి తన మీద తనకే రోత పుట్టింది. అయినా రెండో దారే పట్టాడు. సాయంత్రం చెప్తాను, కుదరదనే అనుకుంటున్నానని ముప్ఫయ్యో రోజు పొద్దున కూతురికి మెసేజ్ పెట్టి పనికి బయల్దేరాడు.

ఆ రోజు పని ఊళ్ళోకెల్లా పాత లిఫ్టుది. ఆరంతస్తుల భవనం. అక్కడి వాచ్‌మన్ ముసలాయన. ఇతని భార్యని ఫోన్లో ఎరుగును గానీ మనిషిని చూడలేదు. ఏడు నెలల్లో ఆ లిఫ్టు మొరాయించలేదు కాబట్టి ఆ ముసలాయనకి ఏ కబురూ అందలేదు. మీ ఆవిడ బావుందా అని అడిగాడు. తల ఊపాడు ఇతను. కరెంటు ఆపి, లిఫ్టుని మొదటి అంతస్తు పైన కట్టేసి, జాలీ తలుపు తీసి, ఫోన్ నొక్కాడు. రెండు రింగులు. అవతల ఎత్తలేదు. దిగాడు.

పని ఇరవై నిమిషాలది. అడుగున చేరిన చెత్త ఎత్తాడు. స్ప్రింగులు తుడిచాడు. గ్రీజు పట్టించాడు. అంతా అయ్యాక ఖాళీ నూనె డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఏడు నెలలుగా ప్రతి గోతిలోనూ ఇదే చేస్తున్నాడు. పని అయ్యాక కూర్చుంటాడు. ఇక్కడ కూర్చున్నంతసేపూ ఇంట్లో ఆవిడ గడియారం చూస్తూ ఉంటుంది. పైకి వెళ్తే ఫోన్ చెయ్యాలి, ఎవరూ ఎత్తరు. పైకి వెళ్ళకుండా ఉంటే ఆవిడ ఎదురుచూస్తూనే ఉంటుంది. ఇదంతా అతనికి బాగా తెలుసు. తెలిసే కూర్చునేవాడు. ఒక్కోరోజు, లేవకపోతే ఏమవుతుంది అని కూడా అనిపించేది. ఇవాళ గట్టిగానే అనిపించింది. సాయంత్రం ఆ పిల్లకి ఉద్వాసన చెప్పాలి. ఆ తరవాత ఈ రెండు రింగులు కూడా ఎక్కడికి వెళ్తాయో తెలీదు.

పైన జాలీ దగ్గర నీడ పడింది. వాచ్‌మన్ వంగి తొంగిచూశాడు.

"పాతాళం గారూ, ఉన్నారా? మీ ఆవిడ ఫోన్ చేసింది."

అతను డబ్బా మీంచి లేచాడు.

"ఎవరూ?"

"మీ ఆవిడేనండీ. నలభై నిమిషాలైంది, మనిషి పైకొచ్చాడా లేదా చూడమంది. ఏడుపొక్కటే తక్కువ. తొందరగా వచ్చి ఒక ఫోన్ కొట్టండి."

గోడకి ఇనప మెట్లుంటాయి. అతను వాటిని ఎక్కాడు. గ్రీజు చేతులు జారుతుంటే చొక్కాకి తుడుచుకుంటూ ఎక్కాడు. ఎవరేమన్నా అనుకోండి, ఆ మెట్లు ఎక్కినంతసేపూ అతను నమ్మాడు. ఫోన్లు మళ్ళించారని తెలుసు, ఆ అమ్మాయి వాచ్‌మన్‌కి చేస్తానందని తెలుసు, అన్నీ తెలుసు. తెలిసే నమ్మాడు. వస్తున్నా వస్తున్నా అని గొణుక్కుంటూ పైకొచ్చి, సంచీ కూడా అందుకోకుండా, ఆ నంబరు నొక్కాడు.

ఒక్క రింగుకే ఎత్తారు.

"సార్, పైకొచ్చారా? ఏం కాలేదు కదా?"

ఆవిడ గొంతు కాదు. కాదని చెవి చెప్పింది. పక్కనున్న మెట్ల కమ్మీ పట్టుకున్నాడు. కోపంతో అరిచేవాడే, ఫోన్ విసిరికొట్టేవాడే. కానీ ఆ గొంతు వణుకుతోంది. మొహమైనా చూడని ఒక పిల్ల నలభై నిమిషాలు గడియారం ముందు కూర్చుని, అతను ఏమైపోయాడోనని వణికిపోయింది. భార్య గొంతులో ఈ వణుకు అతను ఎన్నడూ వినలేదు. రోజుకి రెండు సార్లు, మూడు సార్లు, ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆవిడ దాన్ని మింగేసి, ఊఁ, సరే అని పెట్టేసేది. అది ఇప్పుడు తెలిసింది అతనికి.

"వచ్చాను" అన్నాడు.

హమ్మయ్య అంది ఆ అమ్మాయి. గట్టిగా ఊపిరి వదిలింది. "మేడమ్‌కి కూడా చెయ్యండి సార్. ఆవిడా ఎదురుచూస్తుంటారు."

"ఎవరూ ఎదురుచూడట్లేదమ్మా" అన్నాడు. "ఆవిడ పోయింది. ఏడు నెలలైంది."

ఆ అమ్మాయి చిన్నగా, "మొన్న మోకాళ్ళ నొప్పి తగ్గిందన్నారు" అంది.

"అబద్ధం చెప్పాను తల్లీ. అన్నీ అబద్ధాలే చెప్పాను."

ఆ అమ్మాయి ఏడ్చింది. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. పొద్దున కూడా విన్నానండీ ఆవిడ గొంతు, ఇందాక కూడా విన్నాను అంటూ ఏడ్చింది. ఏడు నెలల కిందట అందరూ వచ్చి అతన్ని ఓదార్చి వెళ్ళారు. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, వాళ్ళ కళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి. ఈ పిల్లకి మాత్రం ఆవిడ ఇప్పుడే, ఈ నిమిషమే పోయింది. అతను ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాటలు చెప్పడం మొదలుపెట్టాడు. ఊరుకో తల్లీ. బాధపడలేదులే. కుర్చీలోనే, ఒక్క క్షణంలో అయిపోయింది. నేను గోతిలో ఉన్నాను, నాకు తెలీలేదు. ఊరుకో. చెప్తూ చెప్తూ తన గొంతు తానే విన్నాడు. ఆ మాటలు చెప్తున్నవాడు పెళ్ళాం పోయిన మనిషి. అది తానేనని అతనికి ఇప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుంటే గ్రీజు అంటుకుని ఇంకా మండాయి.

"నిన్ను ఇవాళ తీసేద్దామనుకున్నాను" అన్నాడు.

"నా పని నచ్చలేదా సార్?"

"ఆవిడతో మాట్లాడతానన్నావు కదమ్మా. ఎక్కణ్ణుంచి తీసుకురాను?"

ఆ అమ్మాయి ముక్కు ఎగబీల్చింది. తరవాత అతను, మధ్యాహ్నం ఏ బిల్డింగుకి వెళ్ళాలో చెప్పు అన్నాడు. ఆ అమ్మాయి కాగితాలు వెతుక్కుని, భవనం పేరు చెప్పి, రెండో అంతస్తులో తలుపు మూసుకోవట్లేదట అని చెప్పింది. రేపటివి కూడా చెప్పనా అని మెల్లిగా అడిగింది. రేపటివీ, వచ్చే నెలవీ కూడా వరస వెయ్యి అన్నాడు. సాయంత్రం కూతురికి ఏం చెప్పాలన్నది అక్కడితో తేలిపోయింది. ఆ కాగితంలో రాయని వాక్యం సంగతి కూడా కూతురితో మాట్లాడాలి, ఇద్దరూ కూర్చుని మాట్లాడాలి అనుకున్నాడు.

లిఫ్టు కోసం నలుగురు పోగయ్యారు. చేతుల్లో సంచులు, మొహాల్లో విసుగు. కరెంటు వెయ్యమంటారా అని వాచ్‌మన్ సైగ చేశాడు. కాసేపు ఆగమని ఇతను చెయ్యి చూపించాడు. గొణుక్కుంటూ వాళ్ళు మెట్ల దారి పట్టారు.

"సార్" అంది ఆ అమ్మాయి. "గొంతు తప్ప నాకేం తెలీదు. మేడమ్ చూడ్డానికి ఎలా ఉండేవారు?"

అతను పక్కకి జరిగి, ఎక్కేవాళ్ళకి దారి వదిలి, కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"పొట్టిగా ఉండేది" అన్నాడు. "కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందేవి కావు."